ప్రాచీనత ప్రమాణమగునా? గోకుంద పరిసర మతసంప్రదాయములపై ఒక విమర్శ

మతవిషయమున వాదము తలెత్తినప్పుడు మొట్టమొదట వినవచ్చు మాట "మాది అనాదిగా వచ్చుచున్నది" అనునది. దీనికి ఎదుటివాడు చెప్పు సమాధానము కూడ తరచుగా రెండు తెరగులనే యుండును. "మాది మీదానికంటె పాతది" యని ఒకడనును. "పాతదైన నేమి" యని వేరొకడనును. మొదటి సమాధానము వాదమును పంచాంగమునకు అప్పగించుచున్నది. రెండవది దానిని నడుమనే త్రుంచివేయుచున్నది. అసలు ప్రశ్న మాత్రము రెంటికిని చిక్కక మిగిలియున్నది. దీర్ఘసంప్రదాయము ఒక మతమునకు ఇంకొక మతమునకంటె ఎక్కువ విశ్వసనీయతను చేకూర్చునా? చేకూర్చునేని ఏ విషయమున, ఎంతమేరకు? ఈ ప్రశ్నను విమర్శించుటకు గోకుందవంటి తావు మిక్కిలి అనుకూలమైనది.

గోకుంద నాందేడు జిల్లాలో కిన్వట్ పట్టణమును ఆనుకొనియున్న ఊరు. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో నాందేడు జిల్లాలో చేరినది. ఆ యేడే ముధోలు తాలూకా నాందేడు నుండి ఆదిలాబాదునకు వచ్చినది. సరిహద్దు గీత కదలినది గాని ఇండ్లు కదలలేదు. తెలుగు, మరాఠీ, గోండీ, లంబాడీ, ఉర్దూ భాషలు ఇప్పటికిని ఈ ప్రాంతపు సంతలలో కలిసియే వినవచ్చును. భాషలు కలిసినట్లే మతసంప్రదాయములును ఇచట ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచియున్నవి. మాహూరు కొండపై రేణుకాదేవి వెలసియున్నది. అష్టాదశ శక్తిపీఠములలో ఏకవీరికగా ఆమెను తెలుగువారు స్మరింతురు. మహారాష్ట్రులు తమ మూడున్నర పీఠములలో ఒకటిగా ఎన్నుదురు. ఆ మాహూరే దత్తాత్రేయ క్షేత్రము. 13వ శతాబ్దమున చక్రధరస్వామి ప్రవర్తింపజేసిన మహానుభావ పంథమువారికిని అది పుణ్యస్థలము. జిల్లాకేంద్రమైన నాందేడులో గోదావరీతీరమున 1708లో గురు గోవిందసింహుడు దేహము చాలించిన చోట సిక్కుల తఖ్తు, హుజూర్ సాహిబ్, నెలకొన్నది. 1956 అక్టోబరు 14న నాగపురమున డాక్టర్ అంబేద్కర్ స్వీకరించిన బౌద్ధదీక్షను అనుసరించినవారు మరాఠ్వాడా అంతటను కలరు. అడవిపల్లెలలో గోండులు, కోలాములు తమ దేవతలను కొలుచుచున్నారు.

ప్రాచీనతయే ప్రమాణమని అంగీకరించినచో ఈ సంప్రదాయములను వయస్సు వరుసను నిలుపవలసియుండును. అట్లు నిలుపబూనినంతనే మొదటి చిక్కు ఎదురగుచున్నది. గోండుల దేవతలకు తేదీ లేదు. వారి పెర్సాపెన్ ఆరాధనము ఎప్పుడు పుట్టినదో ఏ శాసనమును చెప్పజాలదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల కూటములుగా ఏర్పడిన వారి "సగ" విభాగము, దానినిబట్టి నడచు వివాహనియమములు, ఆ దేవతల కథలు, ఇవన్నియు గ్రంథమున కెక్కక పర్ధానుల నోటను, వారి కిక్రి తంత్రులమీదను తరతరములుగా నిలిచినవి. హైమెండార్ఫ్ ఆదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లో ప్రకటించిన గ్రంథము ఆ సంప్రదాయమెంత గట్టి కట్టుబాటుతో కూడినదో లోకమునకు చూపినది. కేస్లాపూరు నాగోబా జాతరకు మెస్రం వంశీయులు నేటికిని కాలినడకన పోయి గోదావరీజలము తెచ్చి పుష్య అమావాస్యనాడు పూజ చేయుచున్నారు. "అనాది" యను మాటకు ఎవరైనను పట్టుకొనదగిన అర్థముండునేని, అది ఇట్టి సంప్రదాయమునకు చెల్లకపోదు.

కాని ప్రాచీనతను ప్రమాణముగా చూపువారిలో ఎంతమంది ఈ వరుసలో గోండుల పెన్‌ను ముందు నిలుపుదురు? ఒక్కరును నిలుపరు. వారు వెంటనే ఇంకొక కొలతను తెత్తురు: గ్రంథముండవలెను, తత్త్వవిచారముండవలెను, పండితపరంపర యుండవలెను. ఈ కొలతలు మంచివే కావచ్చును. కాని ఇవి ప్రాచీనతకంటె వేరు. గోండు దేవత ఎదుటికి వచ్చినప్పుడు గ్రంథమును, సిక్కుగ్రంథము ఎదుటికి వచ్చినప్పుడు వయస్సును చూపువాడు రెండు తూకపురాళ్ళతో వ్యాపారము చేయుచున్నాడు. పూర్వపు జనగణనలు గోండుల దేవతారాధనమును ప్రత్యేకమైన పేరుతో లెక్కించెడివి. 2011 జనగణనలో ఆరు మతములకే ప్రత్యేక సంకేతములుండెను; తక్కినవన్నియు "ఇతర" మను గడిలో చేరినవి. ఎవరికంటెను చిన్నది కాని ఒక సంప్రదాయమునకు పేరులేని గడి దక్కినది. ప్రాచీనత నిజముగా లోకము పాటించు ప్రమాణమైనచో ఇట్లు జరుగదు.

ఇక ప్రాచీనతావాదము యొక్క బలిష్ఠమైన రూపమును చూడవలెను. అది మీమాంసకులది. వారు సంవత్సరములను లెక్కపెట్టరు. వేదమునకు కర్త లేడు, ఆరంభము లేదు. దోషములు పురుషునివలన కలుగును గనుక, పురుషుడు రచింపని వాక్యమున దోషము లేదు అని వారి సిద్ధాంతము. ఇది కేవలము "పాతది గనుక మంచిది" యనుటకంటె ఎంతో సూక్ష్మమైన వాదము. 7వ శతాబ్దపు కుమారిలభట్టు ఈ పట్టును ఎంత దూరము లాగెనన, బౌద్ధులు బోధించిన అహింసాదులు స్వయముగా మంచివే యైనను ఆ మూలమునుండి వచ్చినపుడు గ్రాహ్యములు కావనెను. కుక్కతోలు తిత్తిలో పోసిన పాలవంటివని తంత్రవార్తికమున ఆయన చూపిన పోలిక ప్రసిద్ధము. పాలు పాలే యని ఒప్పుకొనుచునే పారబోయుట ఇందలి విశేషము. ఇచట సత్యమునకును మూలమునకును నడుమ ఎడబాటు స్పష్టముగా కానవచ్చుచున్నది.

దీనికి బౌద్ధతార్కికుడైన ధర్మకీర్తి ప్రమాణవార్తికమున చెప్పిన సమాధానము చిన్నది, పదునైనది. ఆరంభము తెలియకుండుటయే ప్రామాణ్యమైనచో, మ్లేచ్ఛుల ఆచారములకును, నాస్తికుల మాటలకును అట్టి అనాదిత్వమే కలదు, అవియు వెనుకటివారినుండి వెనుకటివారికి సంస్కారపరంపరచే వచ్చినవే, వానినెందులకు ఒప్పుకొనరు? ఈ ప్రశ్న బౌద్ధమును నిలబెట్టుటకు చేసినదని పక్కకు పెట్టరాదు. ఇది ఏ మతమునకును పక్షము వహింపదు. అనాదిత్వము అందరికిని సమానముగా దొరకు సరకు గనుక దానితో ఒకరు ఇంకొకరిని మించజాలరని మాత్రమే ఇది తేల్చుచున్నది.

మూడవ దారిని 9వ శతాబ్దము చివర కాశ్మీరమున జయంతభట్టు త్రొక్కెను. ఆయన నైయాయికుడు, న్యాయమంజరిలో ఆగమముల ప్రామాణ్యమును చర్చించుచు, అన్ని ఆగమములును ప్రమాణములే యను ఉదారపక్షమును కూడ సాదరముగా ప్రతిపాదించెను. కాని వెంటనే ఒక భయము కలిగినది. అట్లైన రేపు ఎవడైనను ఒక పుస్తకము వ్రాసి, ఇదియు ఆగమమే యన్నచో? ఆ కాలముననే నీలాంబరులను ఒక వర్గమువారు బయలుదేరిరి. స్త్రీపురుషులు జంటగా ఒకే నీలివస్త్రమును కప్పుకొని విచ్చలవిడిగా సంచరించుట వారి వ్రతము. శంకరవర్మ మహారాజు ఇది క్రొత్తగా కల్పింపబడినదని తెలిసికొని దానిని నిషేధించెను. జైనాదుల మతముల నట్లు చేయలేదు. జయంతుడు దీనిని మెచ్చుకొని, ఆగమడంబరమను నాటకమునకు కూడ వస్తువుగా గ్రహించెను. ఆయన నిర్ణయము ప్రకారము ఒక ఆగమము ఆదరణీయమగుటకు కొన్ని గుర్తులుండవలెను: అది లోకమున అడ్డులేక ప్రచారము పొందవలెను; పెక్కుమంది శిష్టులు గ్రహింపవలెను; క్రొత్తగా పుట్టినట్లు తోపరాదు; లోభాదులు మూలముగా గలది కారాదు; దానివలన జనులు ఉలికిపడరాదు.

ఈ గుర్తులను ఒక్కొక్కటిగా పరీక్షించినచో ఒక సంగతి బయటపడును. లోభమూలము కాకుండుట, జనులు ఉలికిపడకుండుట, శిష్టులు మెచ్చుట, ఇవి మతము యొక్క నడతను పరీక్షించుచున్నవి. "క్రొత్తగా తోపకుండుట" ఒక్కటియే వయస్సును పరీక్షించుచున్నది. నీలాంబరుల విషయమున తక్కిన గుర్తులే చాలును; వారి నడతయే నిషేధమునకు కారణము కాదగును. వయస్సు గుర్తు అక్కడ చేసిన పని యేమియు లేదు. పైగా ఆ గుర్తునే పట్టుకొన్నచో 12వ శతాబ్దపు బసవేశ్వరుడు, 13వ శతాబ్దపు చక్రధరుడు, 15వ శతాబ్దమున జన్మించిన గురునానకు, వీరెవ్వరును నోరు విప్పుటకు వీలుండదు. నీలాంబరులను ఆపిన తలుపు వీరినిగూడ ఆపును. మంచిచెడ్డలను వేరుచేయలేని జల్లెడ జల్లెడగా పనికిరాదు.

తెలుగు సాహిత్యమున ఈ సమస్యకు సాక్ష్యము పాల్కురికి సోమనాథుని రచనలలో కలదు. బసవపురాణమున ఆయన నిలిపిన భక్తులను తలపోయవలెను. తల్లిలేని శివునికి తానే తల్లియై లాలించిన బెజ్జమహాదేవి వేదము నెరుగదు, సంప్రదాయము నెరుగదు. కన్నప్ప బోయవాడు, మాదర చెన్నయ్య అంటరానివాడని లోకము త్రోసిపుచ్చినవాడు. వారి భక్తికి వెనుక పరంపర లేదు. అయినను కవి వారి భక్తియే సత్యమనుచున్నాడు. ఇది ప్రాచీనతావాదమునకు నేరుగా ఎదురుదెబ్బ. కాని అదే కవి పండితారాధ్యచరిత్రలో వాదప్రకరణమునకు వచ్చుసరికి శ్రుతిస్మృతిపురాణములను ప్రమాణములుగా కుప్పపోయుచున్నాడు. సంస్కృతమున భాష్యమునుకూడ అట్టి ఉదాహరణములతోనే కూర్చెను. బసవేశ్వరుడు కన్నడదేశమున నిన్నమొన్నటి మనుష్యుడై యుండగా, పురాణమున నందీశ్వరుని అవతారమైనాడు. క్రొత్తమతము పాతదానిని ధిక్కరించి పుట్టి, నిలద్రొక్కుకొన్న వెంటనే తానును పాతదాననని చెప్పుకొనుట ఇందు స్పష్టము. ఇది సోమనాథుని లోపమని భావింపరాదు. ఆనాటి సభలో చెల్లు నాణెము ప్రాచీనతయే; వాదమునకు దిగినవాడు ఆ నాణెమునే తీయవలసివచ్చినది. మల్లికార్జున పండితారాధ్యుడు బసవని భక్తికి వశుడయ్యును బ్రాహ్మణ్యమును పూర్తిగా విడువజాలకపోయెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆరాధ్యశాఖ నేటికిని ఆ నడుమ మార్గమునకు సాక్షి.

ఆ పండితారాధ్యుడే వెలనాటి చోళుని సభలో బౌద్ధాచార్యునితో వాదించినట్లు కావ్యము వర్ణించుచున్నది. తరువాత ఆ బౌద్ధాచార్యుడు శైవులచేత చంపబడినట్లును కావ్యమే చెప్పుచున్నది. వెలనాడు ఎట్టి దేశము? భట్టిప్రోలు ధాతుకరండములు క్రీస్తుకు పూర్వమే అచట బుద్ధుని నామమును మోసినవి. అమరావతి స్తూపము ఆ దాపుననే వెలసినది. 3వ శతాబ్దమున విజయపురిలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేయుచుండగా, ఆయన సోదరి శాంతిశ్రీ నాగార్జునకొండ మహాచైత్యమునకు దాత్రియైనది. అనగా పండితారాధ్యుని నాటికి ఆంధ్రదేశమున బౌద్ధమునకు వేయేండ్లకు మించిన సంప్రదాయము కలదు. వీరశైవమునకు ఒక తరమైనను నిండలేదు. ప్రాచీనతయే ప్రమాణమైనచో గెలుపెవరిది కావలెను? ఆ సభలో నెవరును ఆ లెక్క వేయలేదు. పాతదనము బౌద్ధాచార్యుని కాపాడలేదు; క్రొత్తదనము శైవులను ఆపలేదు. ఆ వాదమునకు ముగింపు పలికినది ప్రమాణము కాదు, బలము. ప్రాచీనతను గూర్చిన వాదములు పెక్కింటికి వెనుక ఈ బలమే దాగియున్నదని చరిత్ర హెచ్చరించుచున్నది.

పాత మాటలపట్ల క్రొత్తమతము ఇంకొక విధముగా నడచుకొనవచ్చుననుటకు నాందేడే ఉదాహరణము. 1604లో గురు అర్జునుడు కూర్చిన ఆదిగ్రంథమున గురువుల వాణితోపాటు షేఖ్ ఫరీదు, కబీరు, రవిదాసు, నామదేవుల పదములు చేర్పబడెను. ఆ నామదేవుడు ఈ సీమకు పొరుగువాడే. నాందేడునకు పొరుగున హింగోలి జిల్లాలోని నర్సీ ఆయన జన్మస్థలమని సంప్రదాయము. దర్జీ కులమువాడు. గురు గోవిందసింహుడు 1708లో నాందేడులోనే ఆ గ్రంథమును గురుపీఠమున నిలిపెనని సిక్కుల విశ్వాసము. ఈ కూర్పున గమనింపదగిన దేమనగా, ఆ మాటలు పాతవి యను కారణమున చేరలేదు; పాతవి యన్నియు చేరనూలేదు. అర్థమునుబట్టి, ఆచరణమునుబట్టి ఏరబడినవి. ఫరీదు ముసల్మాను, రవిదాసు చర్మకారుడు. మూలమునుబట్టి పాలను పారబోసిన కుమారిలుని పద్ధతికి ఇది సరిగా ఎదురుగా నిలుచుచున్నది. తిత్తి ఏదియని అడుగక పాలను రుచిచూచిన పద్ధతి ఇది.

ఇట్లు చెప్పుటచే దీర్ఘసంప్రదాయమునకు విలువయే లేదని తాత్పర్యము కాదు. ఒక ఆచారము పెక్కు తరములు నిలిచినదనగా పుట్టుకలలోను, చావులలోను, కరవులలోను అది జనులకు ఏదో ఒక ఆసరా ఇచ్చినదని అర్థము. బైండ్లవారు జమిడిక వాయించుచు చెప్పు ఎల్లమ్మకథ, మాహూరు రేణుక పురాణగాథ, ఒకే తల్లిని రెండు నోళ్ళతో పాడుచున్నవి. ఆ పాట నిలిచినదనగా దానిని వినవలసిన బాధ యెవరికో ప్రతి తరమునను కలదని తెలియుచున్నది. నిన్న పుట్టిన పంథమునకు ఈ సాక్ష్యము లేదు. దానిని నమ్ముటకు ముందు నాయకుని లోభమును, నడతను పరీక్షించుట వివేకము. ఈ మాత్రము జయంతుని భయమును మన్నింపవలసినదే. కాని నిలకడ చెప్పు సాక్ష్యము మనుష్యుల అవసరమును గూర్చినది, దేవుని గూర్చినది కాదు. వైద్యుడు చిరకాలముగా ఒక ఊరిలో నున్నాడనగా రోగములున్నవని తెలియును. ఆతని మందు పనిచేయుచున్నదా లేదా యనునది రోగిని చూచి తెలిసికొనవలెను.

నిలకడ కలిగిన దంతయు మంచిది కాదనుటకు తెలంగాణమున జోగినీ ఆచారము చాలును. బాలికలను దేవతపేర అంకితము చేసి వారి జీవితములను పాడుచేయు ఆ వాడుకను సమర్థించువారు చూపిన కారణము "తాతల నాటినుండి వచ్చుచున్నది" యనునదే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో దానిని నిషేధించుచు చట్టము చేసినది. ఎల్లమ్మ గుడి పోలేదు, ఎల్లమ్మ పాట పోలేదు. పోవలసినది ఆ దురాచారమే. ప్రాచీనతను ప్రమాణముగా పట్టుకొన్నవానికి పాటకును దురాచారమునకును భేదము చూపు సాధనము లేదు. రెండును ఒకే వయస్సువి. ఆ భేదమును చూపగలది ఆ బాలిక యొక్క కన్నీరే గాని పంచాంగము కాదు.

1956 నాటి బౌద్ధదీక్ష ఈ విచారమునకు తుదిమెట్టు. అది పాతమతమా, క్రొత్తమతమా? బుద్ధుని లెక్కించినచో రెండువేల యైదువందల యేండ్లది. దీక్షను లెక్కించినచో నిన్నటిది. డాక్టర్ అంబేద్కర్ బౌద్ధమును ఎన్నుకొనుటలో దాని వయస్సును తూచలేదు. 1957లో, ఆయన నిర్యాణానంతరము వెలువడిన "బుద్ధుడు, ఆయన ధమ్మము" అను గ్రంథమున బౌద్ధసంప్రదాయములోని భాగములనే ఆయన ప్రశ్నించి, తర్కమునకు, కరుణకు నిలువనివి తరువాత చేరినవై యుండవచ్చుననెను. తాను స్వీకరించు మతపు ప్రాచీనతకు సైతము ఆయన మినహాయింపు ఇయ్యలేదు. లక్షలాది దీనజనులకు ఆ దినమున కావలసినది తాతముత్తాతల మతము కాదు. తాతముత్తాతల అవమానమునుండి విడుదల. దీర్ఘసంప్రదాయమే వారిని అంటరానివారిగా నుంచినది. అట్టివారి యెదుట సంప్రదాయపు వయస్సును విశ్వసనీయతగా చూపుట గాయపు లోతును మందుగా చూపుటవంటిది.

ఈ యంతటినుండి తేలునది యొకటి కలదు. ప్రతి మతమునకును ఒక మొదటి శిష్యుడుండెను. బుద్ధుని ఎదుట కూర్చున్న కౌండిన్యునికి, బసవని వెంట నడచిన శరణునికి, 1699లో ఆనందపురమున శిరస్సు నిచ్చుటకు లేచిన దయారామునికి వెనుక చూపుటకు సంప్రదాయమేదియు లేదు. సంప్రదాయమే విశ్వాసమునకు హేతువైనచో ఆ మొదటి శిష్యులు పొరబడినవారగుదురు. వారు పొరబడినచో వారినుండి వచ్చిన పరంపర యంతయు పొరపాటుమీద నిలిచినదగును. వారు పొరబడలేదని నమ్మువాడు, వారు దేనిని చూచి నమ్మిరో దానినే తానును చూడవలెను. పరంపర లేదనువారికిని ఈ బాధ్యత తప్పదు. ఆరంభము లేదని చెప్పు వేదమును సైతము ఇప్పుడు చదువువాడు ఇప్పుడే అర్థము చేసికొనవలసియున్నది.

కావున దీర్ఘసంప్రదాయము గౌరవమునకు అర్హము, పరిశోధనకు అర్హము. ఇంకొకరి మతమును తక్కువచేయుటకు ఆయుధము కాజాలదు. ఆ ఆయుధమును ఎత్తదలచువాడు ముందుగా కిన్వట్ అడవిపల్లెలలోని పెన్‌గుడి యెదుట దానిని దింపి, "నీకంటె నేను పాతవాడనా?" యని అడిగి చూడవలెను.